నెలలకు లెక్కుంది, పనికి లేదు: ఆస్పత్రుల్లో ఏజెన్సీ నర్సుల సంగతి

రాత్రి ఎనిమిది గంటలు. సర్జికల్ వార్డులో డ్యూటీ మారే సమయం. కొత్తగా వచ్చిన నర్సు చేతిలో ఏజెన్సీ ఇచ్చిన లెటర్ ఉంది. దాని మీద ఆస్పత్రి రోజువారీ వ్యవహారాలు చూసే డాక్టర్, ఆర్‌ఎంవో, సంతకం అయ్యేసరికి అరగంట ఆలస్యమైంది. పగటి డ్యూటీ సిస్టర్‌కి బస్సు టైమవుతోంది. హ్యాండోవర్ రెండు నిమిషాల్లో అయిపోతుంది: "పన్నెండో బెడ్ పోస్ట్ ఆప్. పదిహేనుకి షుగర్, ఇరవై యూనిట్లు ఇవ్వాలి. మిగతావన్నీ కేస్ షీట్‌లో ఉన్నాయమ్మా, చూసుకో." ఎమర్జెన్సీ ట్రే ఎక్కడుంది, మందుల బీరువా తాళం ఎవరి దగ్గర, డ్యూటీ డాక్టర్ ఫోన్ ఎత్తకపోతే ఆ తర్వాత ఎవరికి చేయాలి, ఇవేవీ కేస్ షీట్‌లో ఉండవు.

ఆ పదిహేనో బెడ్ దగ్గర కాసేపు ఆగుదాం. మన దేశంలో సీసాల్లో వచ్చే ఇన్సులిన్ ఎక్కువగా 40 రకం, అంటే ఒక మిల్లీలీటరులో 40 యూనిట్లు. పెన్నుల్లో వచ్చేది 100 రకం. సిరంజిలూ రెండు రకాలే: ఎర్ర మూతది 40కి, నారింజ మూతది 100కి. నిన్నటిదాకా పెన్నులు మాత్రమే వాడే కార్పొరేట్ ఆస్పత్రిలో చేసిన అమ్మాయి, ట్రేలో చేతికందిన నారింజ మూత సిరంజితో 40 సీసాలోంచి ఇరవై గీత దాకా లాగితే పేషెంటుకి వెళ్లేది 8 యూనిట్లే. ఇది తిరగబడితే ఇంకా ప్రమాదం. 100 ఇన్సులిన్‌ని ఎర్ర మూత సిరంజితో ఇరవై గీత దాకా లాగితే 50 యూనిట్లు ఎక్కుతాయి. చదువు తక్కువై జరిగే తప్పు కాదిది. ఆ వార్డులో ఏ సీసా వాడతారో, ఏ సిరంజి పెడతారో వచ్చిన మొదటి రోజు ఎవరూ చూపించలేదు. చూపించడానికి పట్టేది ఒక్క నిమిషం. ఆ నిమిషం ఎవరి బాధ్యతో ఏ కాగితంలోనూ రాసి ఉండదు.

తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాస్పత్రుల్లో ఒకే వార్డులో ఒకే పని చేసేవాళ్లు కనీసం మూడు రకాలు. రెగ్యులర్ వాళ్లు, ప్రభుత్వంతో నేరుగా ఒప్పందం ఉన్న కాంట్రాక్ట్ వాళ్లు, ఏజెన్సీ ద్వారా వచ్చే అవుట్‌సోర్సింగ్ వాళ్లు. పేషెంటుకి ఈ తేడా తెలియదు, తెలియాల్సిన పనీ లేదు. అతనికి అందరూ సిస్టర్లే. స్టాఫ్ నర్సులు, ల్యాబ్ టెక్నీషియన్ల దగ్గర్నుంచి వార్డులో స్ట్రెచర్ తోసే ఎంఎన్‌వోల దాకా ఇదే అమరిక. ప్రైవేటు ఆస్పత్రుల్లో పేర్లు మారతాయి గానీ పద్ధతి పెద్దగా మారదు.

ఏజెన్సీ పని మనిషిని పంపడం, జీతం వేయడం, పీఎఫ్, ఈఎస్‌ఐ కట్టడం. వార్డు పని, వచ్చిన మనిషి చేత పని చేయించుకోవడం. ఈ రెండిటి మధ్య తిరిగే కాగితం ఒక్కటే, నెలాఖరు అటెండెన్స్ షీట్. ఎన్ని రోజులు వచ్చింది, ఎన్ని సెలవులు, ఎన్ని ఆబ్సెంట్లు. కింద హెడ్ నర్స్ సంతకం, ఆఫీసు స్టాంపు. దాన్నిబట్టి బిల్లు, బిల్లునిబట్టి జీతం. ఎలా చేసింది అన్న గడి అందులో లేదు. పని చూసినవాళ్ల దగ్గర ఆమె ఫైలు ఉండదు, ఫైలు ఉన్నవాళ్లు ఆమె పని ఎన్నడూ చూసి ఉండరు. ఏజెన్సీ సిబ్బంది గురించి ఎంత మాట్లాడినా చివరికి చిక్కు ఇక్కడికే వచ్చి ఆగుతుంది.

ఆంధ్రప్రదేశ్ 2020లో ప్రైవేటు ఏజెన్సీల స్థానంలో ఆప్కాస్ అనే ప్రభుత్వ కార్పొరేషన్‌ని పెట్టింది. ఏజెన్సీల కమీషన్లు, నెలల తరబడి ఆగిపోయే జీతాలు, ఉద్యోగానికి ఇచ్చుకునే లంచాలు, ఇవి పోవాలన్నది ఉద్దేశం. అంటే అది జీతాల చిక్కుకి వెతికిన జవాబు. పని ఎలా జరుగుతోందన్నది దాని ప్రశ్నే కాదు. వార్డులో ఫలానా నర్సు క్యాన్యులా (సెలైన్ ఎక్కించడానికి నరంలో పెట్టే సన్న గొట్టం) ఎలా పెడుతోందో తెలుసుకునే దారి ప్రైవేటు ఏజెన్సీకి ఎంత ఉందో, ఎక్కడో ఆఫీసులో ఉన్న కార్పొరేషన్‌కీ అంతే ఉంటుంది.

ఫోన్‌లో జరిగే అప్రైజల్

ఇంతకీ ఏజెన్సీ నర్సుకి అప్రైజల్ అంటూ ఏదీ జరగదా అంటే, జరుగుతుంది. ఫోన్‌లో. "సర్, రేపట్నుంచి ఆ అమ్మాయిని పంపొద్దు. వేరేవాళ్లని చూడండి" అని హెడ్ నర్స్ ఏజెన్సీ సూపర్‌వైజర్‌కి చెబుతుంది. ఆయన కారణం అడగడు. అడిగినా "ఫాస్ట్‌గా లేదు సర్" అన్నదానికి మించి జవాబు రాదు. మర్నాడు ఇంకో అమ్మాయి వస్తుంది. వెళ్లిపోయిన అమ్మాయికి ఇంకో ఆస్పత్రిలో డ్యూటీ పడుతుంది. ఆమె చేసిన పొరపాటు ఏమిటో, రక్తం ఎక్కించేటప్పుడు మొదటి పదిహేను నిమిషాలు పేషెంటు పక్కన లేకపోవడమో, మందుని కొలతగా ఎక్కించే ఇన్‌ఫ్యూజన్ పంపు సెట్ చేయడం రాకపోవడమో, ఆమెకే ఎవరూ విడమరిచి చెప్పలేదు. కొత్త వార్డుకి ఆమెతోపాటు ఆ పొరపాటు కూడా డ్యూటీలో చేరుతుంది.

బాగా చేసినవాళ్ల గతి కూడా ఇంతకన్నా మెరుగ్గా లేదు. "ఈసారి కూడా ఆవిడనే పంపండి" అన్న మాటే వాళ్లకి దక్కే పెద్ద సర్టిఫికెట్. అది గాల్లో కలిసిపోయే మాట. ఇంకో జిల్లాకి వెళ్తే మళ్లీ మొదటి మెట్టు.

ఈ ఫోన్ వల్ల కనపడని నష్టం ఇంకోటి ఉంది. ఒక్క ఫోన్‌తో డ్యూటీ ఊడుతుందని తెలిసిన మనిషి, తృటిలో తప్పిపోయిన పొరపాట్ల గురించి నోరు విప్పదు. ఒకేలా కనిపించే రెండు ఇంజెక్షన్ డబ్బాలు పక్కపక్కన ఉన్నాయి. ఒకటి తీయబోయి ఇంకోటి తీసి, పేరు చదివి, గుండె ఝల్లుమని వెనక్కి పెట్టేసింది. ఇది చెబితే ఆ డబ్బాలు విడివిడి అరల్లోకి వెళ్తాయి, రేపు ఇంకొకరు బతికిపోతారు. చెబితే తన పేరు కూడా బయటికి వస్తుంది. ఎందుకొచ్చిన టెన్షన్ అని ఊరుకుంటుంది. రెగ్యులర్ ఉద్యోగి కూడా భయపడుతుంది నిజమే. కానీ ఆమెకి మెమో, ఎక్స్‌ప్లనేషన్, ఎంక్వైరీ అంటూ కొన్ని మెట్లున్నాయి. ఏజెన్సీ నర్సుకి మెట్లు లేవు, గుమ్మమే.

ప్రభుత్వంలో రెగ్యులర్ ఉద్యోగుల కాన్ఫిడెన్షియల్ రిపోర్టుల పద్ధతిని ఎవరూ గొప్పగా చెప్పరు. ఏళ్ల తరబడి అందరికీ 'గుడ్' రాసి పక్కన పడేసే తంతు అది. అయినా అందులో రాసిన ప్రతి మాటా ఆ ఉద్యోగికి తెలియజేయాల్సిందేనని 2008లో సుప్రీంకోర్టు తేల్చింది. తన గురించి ఏం రాశారో చూసుకుని, కాదనుకుంటే అభ్యంతరం చెప్పుకునే హక్కు వాళ్లకి అలా వచ్చింది. ఏజెన్సీ సిబ్బందికి చూసుకోవడానికి రాసిందంటూ ఏమీ లేదు.

పర్యవేక్షిస్తే మన ఉద్యోగులైపోతారా?

ఆస్పత్రుల ఆఫీసు గదుల్లో వినిపించే మాట ఒకటుంది: "మనం మరీ పట్టించుకుంటే రేపు మేం మీ ఉద్యోగులమే అని కోర్టుకెక్కుతారు." ఈ భయం గాల్లోంచి పుట్టలేదు. 1970 నాటి కాంట్రాక్ట్ లేబర్ చట్టం చుట్టూ నడిచిన కేసుల్లో, కాంట్రాక్ట్ నిజమైనదా లేక పేరుకి మాత్రమే పెట్టిందా అని తేల్చడానికి సుప్రీంకోర్టు ముఖ్యంగా రెండు సంగతులు చూడమంది. జీతం ఎవరిస్తున్నారు? పనిని ఎవరు అదుపులో పెట్టుకుని పర్యవేక్షిస్తున్నారు? రెండో ప్రశ్న వినగానే ఆఫీసులు చేతులు ముడుచుకున్నాయి. రిజిస్టర్ వేరు, రోస్టర్ వేరు, ట్రైనింగ్ లిస్టులో పేరుండదు. ఆ చట్టం 2025 నవంబరులో కొత్త లేబర్ కోడ్‌లో కలిసిపోయింది గానీ ఆఫీసుల్లో అలవాటు మాత్రం అలాగే ఉంది.

అదే సుప్రీంకోర్టు 2009లో ఎయిర్‌పోర్ట్ అథారిటీ కార్గో కార్మికుల కేసులో చెప్పిన మాట ఎందుకో అంతగా ప్రచారంలోకి రాలేదు. మనుషుల్ని సరఫరా చేయడమే కాంట్రాక్ట్ అయినప్పుడు, వచ్చినవాళ్లు పని జరిగేచోట అక్కడివాళ్ల ఆదేశాల ప్రకారం, వాళ్ల పర్యవేక్షణలోనే పనిచేస్తారు కదా అంది కోర్టు. అంతమాత్రాన నేరుగా వాళ్ల ఉద్యోగులైపోరు. జీతం కాంట్రాక్టరే ఇస్తూ, ఎవరిని ఎక్కడికి పంపాలి, ఎవరిని ఉంచాలి అన్న చివరి అదుపు అతని చేతిలోనే ఉంటే చాలు. అంటే హెడ్ నర్స్ పక్కన నిలబడి "అలా కాదమ్మా, ఇలా" అని చూపించడం కేసు తెచ్చిపెట్టే పని కాదు.

ఇటువైపు చూస్తే, చూపించకపోవడమే కేసు తెచ్చిపెడుతుంది. ఢిల్లీకి చెందిన ఒక హృద్రోగ సంస్థ మీద వచ్చిన కేసులో 2004లో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది: పేషెంటు వచ్చింది ఆస్పత్రిని నమ్ముకుని, కాబట్టి లోపల పనిచేసిన డాక్టర్ జీతానికి ఉన్నవాడా, బయటినుంచి వచ్చి వెళ్లేవాడా అన్నదానితో సంబంధం లేకుండా ఆస్పత్రే జవాబుదారీ. నష్టపరిహారం కట్టాల్సి వచ్చినప్పుడు "ఆవిడ మా మనిషి కాదు, ఏజెన్సీ మనిషి" అన్న మాట పనికొచ్చే చోటు చాలా తక్కువ. చిన్న భయానికి జడిసి పెద్ద నష్టాన్ని నెత్తిన పెట్టుకోవడం అంటే ఇదే.

ఆస్పత్రుల నాణ్యత చూసి గుర్తింపు ఇచ్చే ఎన్‌ఏబీహెచ్ సంస్థ ప్రమాణాలు ఈ విషయంలో తికమక పడలేదు. వాటి ప్రకారం కాంట్రాక్ట్ మీద ఉన్నవాళ్లూ సిబ్బందే. ఇండక్షన్, ట్రైనింగ్ వాళ్లకీ వర్తిస్తాయి. ఇన్‌స్పెక్షన్ వారంలో ట్రైనింగ్ రిజిస్టర్ ముందేసుకుని, జరగని క్లాసులకి వరుసగా సంతకాలు పెట్టించే చోట్లు ఉన్నాయన్నది వేరే కథ.

బ్రిటన్‌లో ఫైలు ఎవరి చేతిలో

తాత్కాలిక సిబ్బంది మీద బ్రిటన్ ప్రభుత్వ ఆరోగ్య వ్యవస్థ, ఎన్‌హెచ్‌ఎస్, బాగా ఆధారపడుతూ వచ్చింది. ఖర్చు చేయి దాటిపోవడంతో 2015 నవంబరులో ఏజెన్సీ రేట్లకి అక్కడ పరిమితి పెట్టాల్సి వచ్చింది. తెలుగు నర్సులూ, డాక్టర్లూ అక్కడ ఏజెన్సీ షిఫ్టులు చేస్తున్నవాళ్లున్నారు కాబట్టి ఆ పద్ధతి మనకి మరీ పరాయిది కాదు. అక్కడి నర్సు ఎవరి తరఫున పనిచేసినా రిజిస్ట్రేషన్ నిలబెట్టుకోవాలంటే మూడేళ్లకోసారి రీవ్యాలిడేషన్ చేయించుకోవాలి, అంటే ఇంకా ఆ పనికి తగినదాన్నేనని చూపించుకోవాలి. 450 గంటల ప్రాక్టీస్, 35 గంటల చదువు లేదా శిక్షణ, అందులో 20 గంటలు నలుగురితో కలిసి చేసినది, ఐదు ఫీడ్‌బ్యాక్‌లు, తన పని గురించి తానే ఆలోచించి రాసుకున్న ఐదు నోట్సులు, వాటి మీద ఇంకో నర్సుతో చర్చ. 2016 నుంచి నడుస్తున్న పద్ధతిది. ఇందులో గమనించాల్సింది అంకెలు కాదు. ఫైలు నర్సు చేతిలోనే ఉంది. ఆస్పత్రి మారినా, ఏజెన్సీ మారినా ఫైలు ఆమె వెంటే నడుస్తుంది.

అక్కడా అంతా సవ్యంగా ఉందనుకోనక్కర్లేదు. 2008 ఫిబ్రవరిలో జర్మనీ నుంచి వచ్చిన ఒక డాక్టరు కేంబ్రిడ్జ్‌షైర్ ప్రాంతంలో రాత్రి, వారాంతపు సేవల షిఫ్టు చేశాడు. బ్రిటన్‌లో అదే ఆయన మొదటి షిఫ్టు. నొప్పితో ఉన్న పేషెంటుకి డయామార్ఫిన్ అనే బలమైన నొప్పి మందు 100 మిల్లీగ్రాములు ఇచ్చాడు. అది ఇవ్వాల్సినదానికి పదింతలు. పేషెంటు చనిపోయాడు. ఆ మందు వాడిన అలవాటు తనకి లేదని, పెథిడిన్ అనే ఇంకో నొప్పి మందుతో పొరబడ్డానని డాక్టరు చెప్పుకున్నాడు. ఇక్కడ నారింజ మూత సిరంజి గుర్తుకు రాక మానదు. ఒకచోట తెలిసిన మందు ఇంకోచోట తెలియనిది కావచ్చు. డిగ్రీ పరిశీలించడం వేరు, ఈ వార్డులో ఈ మందుతో పని చేయగలరా అని పక్కన నిలబడి చూడడం వేరు. డిగ్రీ ఏజెన్సీ చూడగలదు. రెండోది వార్డు తప్ప ఎవరూ చూడలేరు.

బ్రిటన్ డాక్టర్లకి 2012 డిసెంబరు నుంచి ఐదేళ్ల రీవ్యాలిడేషన్, ఏటా అప్రైజల్ వచ్చాయి. చాలామంది తాత్కాలిక (లోకమ్) డాక్టర్లకి ఆ బాధ్యత వహించే అధికారి ఏజెన్సీలోనే ఉంటాడు. అంటే డాక్టరు పని ఎన్నడూ కళ్లారా చూడని మనిషి. మన చిక్కే, కాస్త ఖరీదైన ఫారాల మీద.

పదేళ్ల 'తాత్కాలికం'

శిక్షణ మాటకి వస్తే వాదన ఎప్పుడూ ఒకటే: ఇవాళ నేర్పిస్తే రేపు వెళ్లిపోతుంది, ఆ ఖర్చు మనమెందుకు పెట్టుకోవాలి? ఏజెన్సీ మార్జిన్ లేదంటుంది. ఆస్పత్రి సీట్లు రెగ్యులర్ వాళ్లకే చాలవంటుంది. వినడానికి సబబుగానే ఉంటుంది. వార్డులోకి వెళ్లి చూస్తే కథ తలకిందులు. రెగ్యులర్ సిస్టర్లు బదిలీల మీద వస్తూ పోతూ ఉంటారు. ఆరేళ్లుగా, పదేళ్లుగా అదే వార్డులో ఉన్నది అవుట్‌సోర్సింగ్ ఆవిడే. సక్షన్ మెషిన్ ఎక్కడ తన్నితే పనిచేస్తుందో, ఏ సర్జన్‌కి ఏ డ్రెస్సింగ్ ఇష్టమో, బ్లడ్ బ్యాంకులో రాత్రి ఎవరుంటారో ఆవిడకే తెలుసు. బదిలీ మీద కొత్తగా వచ్చిన రెగ్యులర్ నర్సుకి వార్డు చూపించేది ఆవిడే. ట్రైనింగ్‌కి పేర్లు పంపమని సర్క్యులర్ వచ్చినప్పుడు మాత్రం ఆవిడ తాత్కాలికం.

ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ నిబంధనల ప్రకారం రిజిస్ట్రేషన్ రెన్యువల్‌కి ఐదేళ్లలో 150 గంటల నిరంతర విద్య ఉండాలి. అంటే ఏడాదికి 30 గంటలు. రెగ్యులర్ ఉద్యోగి డ్యూటీ మీద వెళ్లి ఆ క్లాసులో కూర్చుంటుంది. ఏజెన్సీ నర్సు వెళ్తే ఆ రోజు అటెండెన్స్ షీట్‌లో ఆబ్సెంట్, ఆబ్సెంట్ అంటే జీతంలో కోత. బయట కోర్సు చేస్తే ఫీజు కూడా తన జేబులోంచే. రిజిస్ట్రేషన్ నర్సు పేరు మీద ఉంది, గంటలు నర్సే తెచ్చుకోవాలి, వాటికి సమయం ఇవ్వాల్సిన పని మాత్రం ఎవరిదీ కాదు. శిక్షణకి వెళ్లిన రోజుని డ్యూటీ రోజుగా లెక్కగట్టాలని ఏజెన్సీ టెండరులో ఒక్క వాక్యం రాస్తే చాలావరకు తీరే సమస్య ఇది. కమీషన్ శాతం, యూనిఫాం, గుర్తింపు కార్డు గురించి పేజీలకి పేజీలు రాసే టెండర్లలో ఆ వాక్యానికి చోటు దొరకదు.

వార్డు స్థాయిలో చేయగలిగేవి ఇంతకన్నా చిన్నవి. మొదటి డ్యూటీ రోజు పావుగంట వార్డు తిప్పి చూపించడం. ఆ షిఫ్టుకి "ఏ డౌట్ వచ్చినా ఈ సిస్టర్‌ని అడుగు" అని పేరు పెట్టి ఒక మనిషిని చెప్పడం. అందరికీ కాదు, ఆ నర్సుకి. "ఎవర్నైనా అడుగు" అంటే ఎవర్నీ అడగదు. షిఫ్టు అయ్యాక నాలుగు లైన్లు రాయడం: ఏం బాగా చేసింది, ఏం నేర్చుకోవాలి, ఏ మెషిన్ చూపించాం, ఏది చూపించలేదు. ఒక కాపీ ఏజెన్సీకి, ఒకటి నర్సుకే. ఈ రెండో కాపీయే ముఖ్యం. దానితో ఆమె తర్వాతి వార్డులో "పంపు నాకు ఇంకా చూపించలేదు మేడమ్" అని ధైర్యంగా చెప్పగలదు. మూడు నెలలు దాటి ఒకేచోట ఉన్నవాళ్లతో హెడ్ నర్స్ ఓ పావుగంట కూర్చుని మాట్లాడడం. మార్చమని ఫోన్ చేయాల్సి వస్తే, కారణం రాసి, అది ముందు ఆమెకే చదివి వినిపించి, ఆ తర్వాత ఫోన్ చేయడం. ఈ ఆఖరిది హెడ్ నర్సులకి నచ్చదు. ముఖం మీద చెప్పడం కన్నా ఫోన్‌లో చెప్పడం ఎవరికైనా సులువు. నలభై బెడ్లకి ఇద్దరు నర్సులున్న రాత్రి ఈ కాగితాలన్నీ ఎవరు రాస్తారన్నది కూడా న్యాయమైన ప్రశ్నే. అందుకే నాలుగు లైన్లు దాటకూడదు. ఆరు పేజీల ఫారం తయారుచేస్తే అది కూడా ఇన్‌స్పెక్షన్ వారంలోనే నిండుతుంది.

ఈ నాలుగు లైన్లకి నిజంగా విలువ వచ్చే చోటు ఒకటి ఇప్పటికే ఉంది. తెలంగాణలో స్టాఫ్ నర్సు పోస్టుల ఎంపికలో పరీక్షకి 80 మార్కులు, ప్రభుత్వాస్పత్రుల్లో కాంట్రాక్ట్, అవుట్‌సోర్సింగ్ సర్వీసుకి 20 మార్కుల వెయిటేజీ. ప్రతి ఆరు నెలలకి 2 మార్కులు, గిరిజన ప్రాంతమైతే రెండున్నర. అంటే మామూలు ప్రాంతంలో ఐదేళ్లు చేస్తే 20కి 20. ఆంధ్రప్రదేశ్‌లోనూ ఇలాంటి లెక్కే, పట్టణానికి 1, గ్రామానికి 2, గిరిజన ప్రాంతానికి రెండున్నర, మొత్తం 15 వరకు. తక్కువ జీతానికి ఏళ్ల తరబడి చేసినవాళ్లకి దక్కాల్సిన మర్యాదే అది. కానీ ఐదేళ్లు పేషెంట్ల పక్కన నిలబడిన నర్సుకీ, ఐదేళ్లు రిజిస్టర్లో సంతకం పెట్టి స్టోర్ రూములో కూర్చున్న నర్సుకీ మార్కులు సమానం.

నోటిఫికేషన్ పడిన వారం ఆస్పత్రి ఆఫీసు ముందు సర్వీస్ సర్టిఫికెట్ కోసం క్యూ ఉంటుంది. "మీది ఏజెన్సీ కదా, అక్కడ తెచ్చుకోండి" అని ఆఫీసు, "ఆస్పత్రి సంతకం కావాలి" అని ఏజెన్సీ, మధ్యలో నర్సు నాలుగు రోజులు తిరుగుతుంది. చివరికి క్లర్క్ పాత అటెండెన్స్ షీట్లు దింపి, దుమ్ము దులిపి, ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా అని కూడుకుంటాడు. మధ్యలో ఒక నెల షీటు కనపడకపోతే ఆరు నెలల లెక్క తప్పుతుంది, రెండు మార్కులు పోతాయి. తేదీలు సరిపోయాక సూపరింటెండెంట్ సంతకం పెడతాడు. ఆమె ఎవరో ఆయనకి తెలియదు. తెలిసిన హెడ్ నర్స్ అదే బిల్డింగులో, రెండంతస్తుల పైన డ్యూటీలో ఉంది. ఆమెని ఎవరూ అడగరు.